మొదటి వరుస

మంచు మీద ఆడే హాకీని నేను ఎన్నడూ చూడలేదు. కాని వాషింగ్టన్ క్యాపిటల్స్ అనే అమెరికా జట్టు ఏటేటా పొందిన ఫలితాల పట్టికను ఒకసారి చదివాను. పాత జట్లు వదులుకున్న ఆటగాళ్లతో మొదలైన జట్టు అది. తొలి ఏడాది, అంటే 1974-75లో, 80 ఆటల్లో 8 గెలిచి 67 ఓడింది. మిగిలిన 5 సమానమయ్యాయి. పరాయి ఊళ్లలో ఆడిన 40 ఆటల్లో గెలిచింది ఒక్కటే!

ఆ వరుస చదువుతుంటే పదో తరగతి లెక్కల్లో తప్పిన రోజు గుర్తుకు వచ్చింది. మార్కుల జాబితా నాన్నగారికి చూపలేక బియ్యం డబ్బాలో దాచాను.

మరుసటి ఏడు ఆ జట్టు 11 ఆటలు గెలిచింది. 1998లో ఫైనల్ చేరి ఓడింది. 2018లో స్టాన్లీ కప్పు గెలిచింది. పట్టికలో మొదటి వరుస మాత్రం అలాగే ఉంది.

నేను సెప్టెంబరులో మళ్లీ రాసి గట్టెక్కాను. మీలోనూ పరీక్ష తప్పినవారు ఉండవచ్చు. నా రెండు జాబితాలూ ఇప్పటికీ ఒకే కవరులో ఉన్నాయి.