బండి లోపలికొచ్చిన టైము

2018 సెప్టెంబర్ 24న హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైంది. అప్పటినుంచి హయత్‌నగర్, వనస్థలిపురం, బీఎన్‌రెడ్డినగర్ వాళ్లు బండి ఇక్కడ ఎల్బీనగర్ స్టేషన్ పార్కింగ్‌లో పెట్టి రైలెక్కుతున్నారు. నేను ఆ పార్కింగ్ సూపర్‌వైజర్‌ని. ఆ బండ్లు సాయంత్రం దాకా మా పూచీ.

కార్లకైతే గీతలు గీసి, ఒక్కో గడికి సెన్సార్ పెడితే ఖాళీ తెలిసిపోతుంది. టూవీలర్లు గీతల్లో నిలబడవు. తొమ్మిది దాటితే హ్యాండిల్‌కు హ్యాండిల్ తగిలేలా సర్దాలి. హ్యాండిల్ లాక్ వేసి వెళ్లిన బండిని వెనక చక్రం ఎత్తి జరపాల్సిందే. ఆ పని ఏ యాప్ కూడా చేయదు. అందుకే మాకు గేటే ప్రాణం. నంబర్ కొట్టి టోకెన్ ఇస్తే, లోపలికొచ్చిన టైము మిషన్‌లో పడుతుంది. నంబర్ చదివే గేటు కెమెరాకు ప్లేట్లతోనే తంటా. ఏపీ, టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. వాటిమీద మట్టి, వంకర అంకెలు. కెమెరా చదివిందాన్ని మనిషి ఒకసారి సరిచూడాలి.

బండి లోపలికొచ్చిన ఆ టైము విలువ ఇదే లైన్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ పేలిన బాంబులు పెట్టింది సైకిళ్ల మీద. అందుకే ఎవరూ తీసుకెళ్లని బండి ఎప్పటినుంచి ఉందో వెంటనే చెప్పగలగాలి. రాత్రి ఆఖరి రైలు పోయాక మిగిలిన నంబర్లన్నీ చూసి, తిరిగి చూసి గానీ ఇంటికి వెళ్లను.

డబ్బుల లెక్కా ఆ టైముతోనే. 2024 ఆగస్టులో నాగోల్ స్టేషన్ దగ్గర పార్కింగ్ ఛార్జీలు పెడతారనగానే ప్రయాణికులు ఆందోళనకు దిగారు. వాళ్ల బాధ న్యాయమైనది. పొద్దున పెట్టిన బండిని రాత్రికి తీసుకునే మనిషికి రానూపోనూ టికెట్ మీద ఈ ఛార్జీ అదనం.

"అన్నా, జాగ లేదని ముందే చెప్తే బస్సుకే పోతుంటి గదా," అంటాడు హయత్‌నగర్ నుంచి వచ్చే ఒక తమ్ముడు. నిజమే. ఎన్ని లోపలికొచ్చాయో, ఎన్ని బయటికెళ్లాయో మా గేటుకు తెలుసు. ఇంకెంత జాగ ఉందో ఆ లెక్క గేటు దగ్గర బోర్డు మీద పెడితే ఏం లాభం? అతను ఇంట్లో తాళం చెవి అందుకునేటప్పుడు ఫోన్‌లో కనిపించాలి. హయత్‌నగర్ దాకా లైన్ పొడిగిస్తామన్న మెట్రో రెండో దశ వచ్చేలోపు, కనీసం ఇదైనా చేయాలని ప్రతి మీటింగ్‌లోనూ అడుగుతున్నాను.