క్లచ్ కేబుల్ ఎవరిది వేయిద్దాం?

తిరుపతిలో కారున్నవాళ్లు క్లచ్ గురించి నాలుగు మాటలు ఎక్కువే తెలుసుకోవాలంటాను. చదునైన హైవే మీద తిరిగే బండికి గేరు మార్చినప్పుడే క్లచ్‌తో పని. మనకట్లా కాదు గదా! ఇంటికి చుట్టాలొస్తే కొండకు తీసుకుపోవాలి. అలిపిరి తనిఖీ వరసలో జానెడు జానెడు జరగాలి. పైకి పోయేది 1974లో వేసిన రెండో ఘాట్‌రోడ్డు. ముందున్న బస్సు ఆగిందంటే ఎత్తు మీద ఆగి, ఎత్తు మీదే మళ్లీ కదలాలి. దిగేటప్పుడు 1944 నాటి పాత రోడ్డు, దాని మెలికలు. చిత్తూరు నుంచి పలమనేరు పోతే మొగిలి ఘాటు, తిరుపతి నుంచి మదనపల్లెకు పోతే భాకరాపేట ఘాటు. ఎటు పోయినా ఎడమ కాలికి తీరికుండదు.

అందుకని, మెకానిక్ బానెట్ ఎత్తి "అన్నా, క్లచ్ కేబుల్ పోతా ఉండాది. కంపెనీది ఎయ్యమంటావా, బయటిదా?" అని అడిగినప్పుడు రేటు దగ్గర మొదలుపెట్టకండి. పోయిన పార్టు ఏది, దాన్ని మార్చాలంటే బండిలో ఏమేం విప్పాలి అని ముందు అడగండి. జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

ఎట్లాగో చెప్తాను. మారుతి 800, ఓమ్ని, ఆల్టో లాంటి బండ్లలో పెడల్ తొక్కితే ఒక కేబుల్ లాగుతుంది. సైకిల్ బ్రేకు వైరు లాగే, పైన గట్టి తొడుగు, లోపల ఉక్కు పోగులు పేనిన తీగ. ఆ తీగ రెండో కొస గేర్‌బాక్స్ పక్కనున్న లివర్ని లాగుతుంది. లివర్ లోపలి ఫోర్కును తిప్పుతుంది, ఫోర్కు బేరింగ్‌ను ప్రెషర్ ప్లేటు మీదికి నెడుతుంది, క్లచ్ విడుతుంది. ఇన్నోవా లాంటి బండ్లలో కేబుల్ ఉండదు. పైన మాస్టర్ సిలిండర్, కింద స్లేవ్ సిలిండర్, మధ్యలో పైపు నిండా ఫ్లూయిడ్.

ఇందులో కేబుల్, పెడల్ బుష్‌లు, అడ్జస్ట్ చేసే నట్టు, ఇవన్నీ బయటివి. చెయ్యి తిరిగిన మెకానిక్ కేబుల్‌ను చాయ్ చల్లారేలోపు విప్పి పక్కన పెడతాడు. ఫోర్కు, దాని బుష్‌లు, బేరింగ్ మాత్రం లోపలివి. వాటిని చూడాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే. దించడానికీ ఎక్కించడానికీ అయ్యే కూలి ముందు బేరింగ్ ధర చాలాసార్లు చిన్నదే. అక్కడ పేరు లేని సరుకు వేసి కాస్త మిగుల్చుకుని, మూడు నెలలకు అది అరవడం మొదలుపెడితే మళ్లీ అదే కూలి కట్టాలి. గేర్‌బాక్స్ దించి వేసే పార్టుకు నేను బేరమాడను, మిమ్మల్నీ ఆడొద్దంటాను.

ఇక కంపెనీది, బయటిది అనే మాట. నిజానికి షాపులో ఉండేవి రెండు రకాలు కాదు, మూడు. కారు కంపెనీ పేరుతో వచ్చే డబ్బా ఒకటి. కార్ల కంపెనీలకు పార్టులు తయారు చేసిచ్చేవాళ్లు సొంత పేరుతో అమ్మే సరుకు రెండోది. మూడోది ఎవరు చేశారో తెలియని లోకల్. కేబుళ్లను కార్ల కంపెనీలు చాలావరకు బయటే చేయించుకుంటాయి. 1985లో బెంగళూరులో మొదలైన సుప్రజిత్ ఇంజనీరింగ్ పని అదే. కంపెనీలకు కేబుళ్లు ఇస్తుంది, సొంత పేరుతో బజార్లోనూ అమ్ముతుంది. క్లచ్ సెట్లలో వాలియో, లూక్, ఎక్సెడీ కూడా ఆ బాపతే. నా మనసు ఈ రెండో రకం మీదే ఉంటుంది. మన బండికి ఆ నంబరు కేబుల్ దొరికితే నేను అదే తీసుకుంటాను. మన ఊళ్లో లేకపోతే చెన్నై జీపీ రోడ్డు, బెంగళూరు జేసీ రోడ్డు ఉండనే ఉన్నాయి. షాపువాళ్లను అడిగితే తెప్పిస్తారు.

ఈ రెండో రకం మనదాకా రావడం గురించి దేశంలో పెద్ద పంచాయితీయే జరిగింది. పార్టులు చేసిచ్చేవాళ్లను బయట అమ్ముకోనివ్వకుండా, బయటి షెడ్లకు పార్టులు అందకుండా చేస్తున్నారని తేల్చి, 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందని షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. అయినా రోడ్డు పక్క షెడ్డును నమ్ముకున్న మనలాంటివాళ్ల తరఫున ఒక పెద్ద సంస్థ ఆ మాట అనడం నాకు సంతోషమే.

మూడో రకాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. పాత కేబుల్, కొత్త కేబుల్ బల్ల మీద పక్కపక్కన చాచి పెట్టించండి. తొడుగు పొడవు, బయటికొచ్చిన తీగ పొడవు సరిపోవాలి. కొసన గుండు తీగకు సూటిగా ఉండాలి, పక్కకు ఒరగకూడదు. తీగను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. మంచిది జారుతున్నట్టే తెలియదు, నాసిరకంది చేతికి గరగరమంటుంది. ఆ గరగరే రేపు పెడల్ బరువై పిక్క పట్టేస్తుంది. నట్టు ఎక్కే మరను వేళ్లతో తిప్పి చూడండి, చివరిదాకా తేలిగ్గా పోవాలి. రబ్బరు తొడుగు నొక్కితే మెత్తగా అణగాలి. పాతదాని కొసన రెండు మూడు పోగులు తెగి ముళ్లలా లేచి ఉంటాయి, అదీ చూడండి. తెగబోయే కేబుల్ ముందు అట్లానే మొదలవుతుంది.

ఫ్లూయిడ్ బండ్ల సంగతి కొంచెం వేరు. సిలిండర్ బాగుండి లోపలి రబ్బరు కప్పులే అరిగితే కిట్టు వేస్తే సరి. సిలిండర్ లోపల గీతలు పడుంటే ఎంత మంచి కిట్టయినా నిలవదు. ఆ కప్పులు మాత్రం పేరున్నవే వేయించండి, ఫ్లూయిడ్ డబ్బా మూత మీద రాసిన బ్రేక్ ఫ్లూయిడే పోయించండి. మామూలు ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది.

ఘాటు దిగుతుండగా కేబుల్ తెగితే? కంగారు పడొద్దు, బండి గేర్లోనే ఉంటుంది, బ్రేకులు పనిచేస్తాయి. గేరు లాగి న్యూట్రల్ మాత్రం చెయ్యొద్దు. నిదానంగా ఎడమ పక్కకు ఆపండి, ఇంజన్ ఆగిపోతుంది, ఆగనియ్యండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రం కింద రాయి పెట్టి, అప్పుడు ఫోను తియ్యండి. బండిని తీసుకుపోయేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీద వదిలెయ్యకండి, వెనక టూవీలర్ మీద పిల్లలతో దిగేవాళ్లుంటారు.

బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతంలో ఉన్న విడిభాగాల మీద జీఎస్టీ కూడా 18కి దిగింది. బిల్లుంటేనే పార్టు వెనక్కిచ్చి మార్చుకోగలం. కొత్త కేబుల్ వేశాక పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఊరికే దిగే దూరం, మీ బండి పుస్తకంలో రాసినంత పెట్టించుకోండి. తక్కువైతే క్లచ్ జారి కాలిన వాసనొస్తుంది, ఎక్కువైతే గేరు పడేటప్పుడు అరుస్తుంది. కొత్తది మొదట్లో కాస్త సర్దుకుంటుంది గనక వారం పది రోజులు తిరిగాక షెడ్డుకు పోయి ఇంకోసారి చూపించండి. నట్టు రెండు చుట్లు తిప్పే పని, మన వైపు మెకానిక్‌లు దానికి డబ్బులడగరు.