శని వలయం చూడ్డానికి ఎంత కెమెరా కావాలి?

టెలిస్కోపుకి కెమెరా కొనాలనుకుంటున్నానని ఎవరితోనైనా అని చూడండి. "ఓ, ఫోటోలు తీస్తావా!" అంటారు. ఆ తర్వాత చల్లబరిచే సెన్సరు, మోటారున్న స్టాండు, రకరకాల ఫిల్టర్లు... జాబితా కొండవీటి చాంతాడంత అవుతుంది. చివరికి టెలిస్కోపు కన్నా దానికి తగిలించేవాటి ఖరీదే నాలుగింతలు తేలుతుంది. నేను చెప్పబోయేది ఆ కెమెరా గురించి కాదు. ఫోటో తియ్యడం వేరు, ఆకాశంలో ఇప్పుడు కనిపిస్తున్నదాన్ని ఇప్పుడే తెర మీద చూడ్డం వేరు. రెండోదానికి కావలసింది చాలా తక్కువ. ఆ తక్కువ ఎంతో ముందే లెక్క తేల్చుకుంటే మన పర్సు బతికిపోతుంది.

మన ఆఫీసుల్లో రిక్వైర్‌మెంటు రాసుకోకుండా టూల్ కొనేసే మేనేజర్లని చూసి నవ్వుకుంటాం కదా. ఇంటికొచ్చి మనం చేసేదీ అదే. అందుకే నేను ముందు కాయితం మీద ఒకే ఒక్క వాక్యం రాసుకున్నాను: "2025 మార్చి లోపల నాన్న శని వలయాన్ని చూడాలి."

ఈ వాక్యంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది మార్చి గడువు. శని వలయాలు సుమారు పదిహేనేళ్ళకోసారి మనకు అంచు వైపు తిరుగుతాయి. అప్పుడు మామూలు టెలిస్కోపులో వలయం ఉన్నట్టే కనిపించదు. 2025 మార్చిలో జరిగింది అదే. 2024 చివరికే వలయం బాగా సన్నబడి, బంతికి అడ్డంగా గుచ్చిన సూదిలా అయిపోయింది.

రెండోది నాన్న కళ్ళు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నాకు నక్షత్రాల పిచ్చి అంటించింది ఆయనే. ఎండాకాలం డాబా మీద పక్కలేసుకుని గొల్లకావడి, పిల్లలకోడి చూపించిన మనిషి. 78 ఏళ్ళొచ్చేసరికి రెండు కళ్ళలోనూ రెటీనా మధ్యభాగం దెబ్బతింది. మాక్యులా క్షీణత అన్నారు డాక్టరు గారు. ఎటు చూస్తే సరిగ్గా అక్కడే మసక. మనిషి ముఖం చూస్తే ముఖం ఉండాల్సిన చోట మబ్బు, చుట్టూ ఉన్న గోడ మాత్రం కనబడుతుంది. పక్కచూపు బాగానే ఉంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నా దగ్గరున్నది ఆరంగుళాల డాబ్సోనియన్. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 1200. మోటారు గట్రా ఏమీ లేవు, చేత్తో తోసుకోవాల్సిందే. దీనికి 10 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 120 రెట్లు పెద్దగా చూపిస్తుంది. వలయంతో కలిపి శని వెడల్పు ఆ రోజుల్లో సుమారు 42 ఆర్క్‌సెకన్లు. దాన్ని 120 రెట్లు చేస్తే దాదాపు 1.4 డిగ్రీలు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి చూడండి, అంతకన్నా చిన్నది. అది సరిగ్గా చూపు మధ్యలో, అంటే నాన్నకి కనపడని చోటే పడుతుంది. పోనీ కంటిని కాస్త పక్కకి తిప్పమందామా అంటే, ఐపీస్ నుంచి వచ్చే వెలుగు కంటిపాపలోంచి జారిపోయి అంతా నలుపవుతుంది. ఇంకా పెద్దది చేద్దామంటే ఆరంగుళాల అద్దానికి 300 రెట్లు దాటితే మిగిలేది మసకే. అంటే ఐపీస్ దగ్గర నాన్నకి దారి మూసుకుపోయింది. తెర మీదయితే దగ్గరికి రావచ్చు, పక్కనించి చూడొచ్చు, తల ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

కెమెరాకి నేను పెట్టుకున్న హద్దు పదిహేను వేలు. దానిలోపల ఏమేం దారులున్నాయో ఒక్కొక్కటే చూశాను.

మొదటిది చేతిలో ఉన్న ఫోను. ఐపీస్‌కి బిగించే చిన్న క్లాంపు ఉంటే చాలు, ఫోను తెరని టీవీకి పంపించొచ్చు. చంద్రుడికి ఇంతకు మించి అక్కర్లేదు. చంద్రుడొక్కడు చాలనుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసి క్లాంపు కొనుక్కోవచ్చు :) శని దగ్గరికొచ్చేసరికి ఫోను నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, గ్రహం తెల్లటి బొట్టవుతుంది. మాన్యువల్‌లో తగ్గించొచ్చు గానీ, టెలిస్కోపు తోసినప్పుడల్లా ఫోను బరువుకి అంతా ఊగుతుంది.

రెండోది వెబ్‌క్యామ్. 2000ల్లో ఔత్సాహికుల ముద్దుబిడ్డ ఫిలిప్స్ టూక్యామ్. లెన్సు ఊడదీసి, ఆ స్థానంలో ఫిల్ము రీలు డబ్బా అతికిస్తే అది సరిగ్గా ఒకటింపావు అంగుళం ఐపీస్ గొట్టంలో పట్టేది. 640 బై 480 చుక్కలతోనే ఎందరో గ్రహాల్ని అద్భుతంగా పట్టుకున్నారు. ఆ కథలు చదివి నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ ఇప్పటి కంప్యూటర్లకి దాని డ్రైవర్లు కుదర్చడమే ఓ ప్రాజెక్టు. నాకు మార్చి గడువుంది.

మూడోది, స్మార్ట్ టెలిస్కోపులు. 2023లో సీస్టార్ ఎస్50 వచ్చాక అందరూ దాని పేరే చెప్తున్నారు. నిజంగానే మంచి వస్తువు. తనే వెతుక్కుని, తనే తిరిగి, నెబ్యులాల్ని ఫోనులోకి తెచ్చిపెడుతుంది. నా హద్దుకి అందదు, అది వేరే సంగతి. ధర పక్కన పెట్టినా నా పనికి రాదు. ఎందుకంటారా? లెక్క చూడండి. మైక్రాన్లలో పిక్సెల్ సైజుని 206తో గుణించి, మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఎన్ని ఆర్క్‌సెకన్లో వస్తుంది. సీస్టార్ పిక్సెల్ 2.9 మైక్రాన్లు, ఫోకల్ లెంగ్త్ 250. అంటే పిక్సెల్‌కి దాదాపు 2.4 ఆర్క్‌సెకన్లు. వలయంతో సహా శని మొత్తం 18 పిక్సెళ్ళలో ఇమిడిపోతుంది. దాన్ని ఎంత పెద్ద టీవీలో వేసినా గోధుమగింజే.

అదే 2.9 మైక్రాన్ల పిక్సెల్ని నా డాబ్సోనియన్‌కి పెడితే పిక్సెల్‌కి అర ఆర్క్‌సెకను, శని 84 పిక్సెళ్ళు. మధ్యలో రెండు రెట్ల బార్లో లెన్సు వేస్తే 168. మా హాల్లో 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు. 1920 పిక్సెళ్ళ అడ్డంలో 168 అంటే తెర మీద 8 సెంటీమీటర్లు. సాఫ్ట్‌వేరులో రెండింతలు జూమ్ చేస్తే 16. మీటరు దూరంలో కూర్చుని చూస్తే 9 డిగ్రీలు! ఐపీస్‌లో 1.4 ఎక్కడ, ఇదెక్కడ. జూమ్ చేస్తే కొత్త వివరాలేమీ రావు, నిజమే. కానీ నాన్నకి కావలసింది వివరం కాదు, మసకకి బయట పడేంత సైజు.

ఇక్కడ ఇంకో సంగతి తేలిపోయింది. గ్రహం తెర మీద ఎంత ఉంటుందన్నది మెగాపిక్సెళ్ళ చేతిలో లేదు. "ఎనిమిది మెగాపిక్సెళ్ళది తీసుకోండి సార్" అని దుకాణంలో అన్నారు. పిక్సెల్ సైజు అదే ఉంటే, పెద్ద సెన్సరు వల్ల శని చుట్టూ నల్లటి ఆకాశం పెరుగుతుంది అంతే. నల్లటి ఆకాశానికి డబ్బులెందుకు?

అలా వడపోయగా మిగిలింది సోనీ ఐఎంఎక్స్290 సెన్సరున్న చిన్న యూఎస్‌బీ కెమెరా. నేను తీసుకున్నది ఎస్వీబోనీ ఎస్వీ305. పిక్సెల్ 2.9 మైక్రాన్లు, 1920 బై 1080. అమెరికా నుంచి వస్తున్న మా బావమరిది సూట్‌కేసులో, ఊరగాయకి ఎదురు ప్రయాణంలో వచ్చింది. ఇది ఐపీస్ స్థానంలోనే దూరుతుంది కాబట్టి ఫోకస్ అందకపోవడం అన్న బెడద తక్కువ. పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరాలకి చాలా డాబ్సోనియన్లలో వచ్చే చిక్కు అదే.

మోటారు లేకపోతే ఎలా అని అడుగుతారేమో. భూమి తిరుగుడుకి ఆకాశం సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. శనికి సెకనులో వందో వంతు ఎక్స్‌పోజర్ పెడితే ఆ కాసేపట్లో జరిగేది 0.15 ఆర్క్‌సెకను. అది ఒక్క పిక్సెల్ కూడా కాదు, బొమ్మ చెదరదు. ఒక సెకను ఎక్స్‌పోజర్ కావలసిన నెబ్యులాలకి మాత్రం ఇది పనికిరాదు, అక్కడ మోటారు ఉండాల్సిందే. కాకపోతే ఈ అమరికలో తెర వెడల్పు ఆకాశంలో 8 ఆర్క్‌మినిట్లే. అంటే గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకి అర నిమిషంలో దాటిపోతుంది. ఎవరో ఒకరు దగ్గరుండి తోస్తూ ఉండాలి. ముందు 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో గ్రహాన్ని నడిమధ్యకి తెచ్చి, అప్పుడు కెమెరా దూర్చాలి. కెమెరాకి ఫోకస్ ఎక్కడ కుదురుతుందో గొట్టం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకుంటే చీకట్లో తిట్టుకునే పని ఉండదు.

ఆఖరి చిక్కు కేబుల్. టెలిస్కోపు డాబా మీద, టీవీ కింద హాల్లో. యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి హద్దు 5 మీటర్లు. అందుకని లాప్‌టాప్ డాబా మీదే పెట్టి, దాని తెరని ఇంట్లో వైఫై మీద టీవీకి పంపించాను. ఒక సెకను ఆలస్యం ఉంటుంది. చూసేవాళ్ళకి ఫర్వాలేదు, తోసేవాళ్ళు మాత్రం లాప్‌టాప్‌లోనే చూసుకోవాలి.

2024 నవంబరులో ఓ సాయంత్రం మా అమ్మాయి డాబా మీద తోస్తోంది, నేను కింద నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన కుర్చీ టీవీ ముందుకి లాక్కుని, ముఖం ఎడమకి తిప్పి, కంటి చివర నుంచి చాలాసేపు చూశారు. బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు అల్లాడుతోంది, మన గాలి పుణ్యమా అని.

"ఇది రికార్డింగు కాదు కదరా?"

అమ్మాయికి ఫోన్ చేసి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టమన్నాను. తెర చీకటైంది. తీసెయ్యమన్నాను. శని మళ్ళీ వచ్చాడు, అల్లాడుతూనే.

"గీత లాగా ఉంది అడ్డంగా. అదేనా వలయం?"

"అదే నాన్నా."

ఆయన లేచి, తెర మీద ఆ గీత మీద వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకి జరిపారు. తర్వాత, "అక్కణ్ణించి వెలుగు రావడానికి ఎంతసేపు?" అన్నారు. గంటా పావు అన్నాను. "గంటా పావు పాతదాన్ని పట్టుకుని లైవ్ అంటావేంట్రా" అన్నారు. మాస్టారు మాస్టారే.

ఆయన వేలు పెట్టినప్పుడే నాకు ఇంకోటి తట్టింది. ఐపీస్ దగ్గర ఎప్పుడూ ఒక్కరే చూస్తారు. పక్కవాళ్ళు ఏం చూస్తున్నారో మనకి తెలీదు, ఇదిగో ఇక్కడ అని చూపించడానికి వీల్లేదు. తెర మీద ఇద్దరం ఒకేసారి ఒకే వలయాన్ని చూశాం. ఐపీస్‌లో కళ్ళకి నేరుగా తగిలే వెలుగు ముందు టీవీ బొమ్మ దిగదుడుపే, నాకూ ఐపీసే ఇష్టం. అయితే అది కళ్ళు బాగున్నవాళ్ళ మాట.

కాబట్టి మీరూ కొనేముందు ఎవరు చూస్తారు, ఏం చూస్తారు, ఎంత సైజులో కనపడాలి అన్నవి రాసుకోండి. ఆ తర్వాత భాగహారం చెయ్యండి. నూటికి తొంభై సార్లు దుకాణంలో చూపించినదానికన్నా చిన్న కెమెరాయే తేలుతుంది. మిగిలిన డబ్బుతో ఒక మంచి బార్లో లెన్సు కొనుక్కోండి.

శని వలయాలు ఇప్పుడు మళ్ళీ విచ్చుకునే దారిలో ఉన్నాయి. 2032 నాటికి పూర్తిగా తెరుచుకుంటాయి. నాన్నకి అప్పటికి 86 ఉంటాయి. పక్కచూపు ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ప్రతి ఏడూ వలయం కొంచెం వెడల్పవుతుంది కాబట్టి ఏడాదికోసారి చూపిద్దామనుకుంటున్నాను. కెమెరా ఇదే చాలు. కావలిస్తే టీవీ పెద్దది కొంటాను.