కొమ్ము పడని మెసేజ్

మీ ఫోన్ తీసి తెలుగు కీబోర్డులో ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టి చూడండి. చాలామందికి ‘సాఫ్ట్వేర్’ అని వస్తుంది. ‘వ’ పోయి ‘ట’ కింద వేలాడుతుంది. ‘ఫేస్‌బుక్’ కొడితే ‘ఫేస్బుక్’ అవుతుంది. నేను చేసే ఉద్యోగం పేరే నా ఫోన్‌లో నా భాషలో తిన్నగా రాదన్నమాట.

కారణం చిన్నదే. తెలుగులో పొల్లు పక్కన హల్లు వస్తే అది వత్తుగా మారి కిందికి దిగుతుంది. దిగకూడదంటే ఆ రెండింటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం చాలా. కొన్ని కీబోర్డుల్లో దానికి బటన్ ఉంటుంది. కొన్నింట్లో ఉండదు. ఉన్నా ఎక్కడ దాచారో వెతుక్కోవాలి.

ఈ కనబడని అక్షరం 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ కనబడనిది, ఆపైన దీర్ఘం... ఈ వరసలో పేర్చిన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ మూతపడిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అప్పుడు నేను బీటెక్ ఆఖరి ఏడాది. మా హాస్టల్లో ఐఫోన్ ఉన్నోడు ఒక్కడూ లేడు కాబట్టి అందరం హాయిగా నవ్వుకున్నాం. మన జ్ఞానాన్ని అమెరికా ఫోన్ తట్టుకోలేకపోయిందిరా అని.

నవ్వు అక్కడికి సరే. తెలుగులో టైప్ చేయడం నాకు సరదా కాదు, అవసరం. ‘అంత కష్టమెందుకు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టొచ్చు కదా’ అని ఆఫీసులో అడుగుతుంటారు. ‘వాయిస్ మెసేజ్ పెట్టు బ్రో’ అంటారు. రెండూ మా ఇంట్లో పనికిరావు.

మాది కళ్యాణదుర్గం వైపు ఓ పల్లె. నాలుగెకరాల చెనిక్కాయ వానకు వదిలేసిన చేను. ఎకరన్నర చీనీ తోట బోరు మీద బతుకుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి, ఈశాన్య మేఘాలకు మేము దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అని లెక్క. అది కూడా చేనుకు కావాల్సినప్పుడు పడితేనే లెక్క. నేను బెంగళూరులో ఉంటా. అమ్మకు ఐదారేళ్లుగా చెవులు సరిగా వినబడవు. మిషన్ కొనిచ్చాం. చెవిలో పెట్టుకుంటే ‘కుయ్’ మంటుందని బీరువాలో పెట్టేసింది.

దాంతో ఏమైందంటే, అమ్మతో నేను మాట్లాడాలంటే నాయన మధ్యలో ఉండాలి. నేను ఫోన్లో అడిగేది నాయన గట్టిగా అరిచి అమ్మకు చెప్తాడు. అమ్మ చెప్పింది నాయన నాకు చెప్తాడు. అమ్మ రెండు నిమిషాలు మాట్లాడితే నాయన నోట్లోంచి ‘బాగుంది అంటాంది’ అని ఒక్క ముక్క వచ్చేది. మిగతా మాటలు ఎక్కడికి పోయేవో!

అందుకే అమ్మకు స్మార్ట్‌ఫోన్ కొన్నా. ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు పేపరు తలకాయ నుంచి తోక దాకా చదువుతుంది. ఇక మెసేజ్‌లు పెట్టుకోవడం ఎంతసేపు అనుకున్నాం ఇద్దరం.

అప్పుడు మొదలైంది అసలు కథ.

ముందు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పెట్టా. కంప్యూటర్లో తెలుగు రాసేవాళ్లకు ఇది పాత దారే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న టీ కొడితే ‘త’, పెద్ద టీ కొడితే ‘ట’. వీవెన్ తయారుచేసిన లేఖిని కూడా ఆ పద్ధతిలోనే నడుస్తుంది. నాలాంటోళ్లకు అది వరం. అమ్మకు మాత్రం ‘వాన’ అని రాయడానికి ముందు వీ ఎక్కడుందో వెతకాలి. “వాన అని నాకు తెల్సు గదప్పా, దాన్ని ఇంగిలీసులో అడిగేదెందుకు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తెలుగు అక్షరాల కీబోర్డు పెట్టా. ఇన్‌స్క్రిప్ట్ అమరిక తెలివైనదే. అచ్చులు ఎడమ, హల్లులు కుడి. ఏ భారతీయ భాషలోనైనా ‘క’ ఒకే చోట ఉంటుంది. కానీ అది బల్ల మీద పెట్టుకునే కీబోర్డు కోసం పుట్టింది. అరచేతి తెర మీదికి వచ్చేసరికి బటన్లు చింతగింజలంత అయ్యాయి. సగం అక్షరాలు ఇంకో అక్షరం వెనకాల దాక్కున్నాయి. ‘ఖ’ కావాలంటే ‘క’ మీద వేలు నొక్కిపట్టాలి. నొక్కిపడితే వస్తుందని ఎవరు చెప్పాలి?

వాయిస్ టైపింగ్ చూపించా. అమ్మకు వినబడదు గానీ మాట్లాడగలదు కదా. కానీ అమ్మకు అది నచ్చలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. నోరు తెరిచి చెప్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వేలితో రాస్తే నాకు ఒక్కడికే తెలుస్తుంది.

అసలు సమస్య ఆ వేలిదే. ఫోన్ తెర మన వేలి వత్తిడిని చూడదు. చర్మంలోని కాస్త తేమ వల్ల తెర మీది విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును పసిగడుతుంది. కలుపు తీసీ తీసీ, చెనిక్కాయ కట్టె పీకీ పీకీ, అమ్మ వేళ్లు నెర్రెలిచ్చిన చేనులా ఉంటాయి. మందంగా, పొడిగా. ఆ వేలు పెడితే తెరకు మనిషి ముట్టుకున్నట్టే తెలియదు. మూడుసార్లు కొడితే ఒకసారి పడుతుంది. నాలుగోసారి విసుగొచ్చి గట్టిగా కొడితే రెండు పడతాయి. అప్పుడు చెరపాలి.

చెరపడం ఇంకో బాధ. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. ఫోన్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక కీబోర్డు చెరిపే బటన్ నొక్కితే చివరి గుణింతమే పోతుంది. ఇంకోదాంట్లో మొత్తం గుంపు లేచిపోతుంది. నెట్ లేక మామూలు ఎస్సెమ్మెస్ పంపితే ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగుకు 70 పడతాయి. అందులో పొల్లూ లెక్కే, కొమ్మూ లెక్కే.

బటన్ల ఫోన్ అయితే వేలి తేమతో పని లేదు కదా అనిపించింది. కింద పూర్తి కీబోర్డు ఉన్న ఫోన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతికి తెచ్చా. నొక్కితే ‘టక్’ మని తెలుస్తుంది, ఎండలోనూ కనబడుతుంది. అమ్మ వేలికి అది సరిపోయింది. కానీ బటన్లన్నీ ఇంగ్లీషువే. తెలుగు అక్షరాలు కాగితం మీద రాసి, కత్తిరించి, టేపుతో అంటించా. ఇరవై ఆరు బటన్ల మీద యాభై ఆరు అక్షరాల భాష. ఇది కాక గుణింతాలు. వారానికి చెమటకు ‘మ’ ఊడిపోయింది. ‘అమ్మ’ అని రాయడానికి లేకుండా పోయింది. కొన్నాళ్లకు ఆ ఫోన్లో మెసేజ్‌ల యాప్ కూడా పనిచేయడం మానేసింది.

దేశంలో దీనికి నియమం లేదా అంటే ఉంది. కేంద్రం 2016లో తెచ్చిన ఐఎస్ 16333 ప్రమాణం ప్రకారం ఇక్కడ అమ్మే ఫోన్లలో 22 భాషలు చదవగలిగేలా ఉండాలి. రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీ కాక ఇంకొక్క భాష ఉంటే చాలు. చదవడానికి ఇరవై రెండు, రాయడానికి మూడు. అమ్మలాంటివాళ్లు వచ్చిన మెసేజ్ చదువుకుంటే చాలు, వాళ్లు తిరిగి చెప్పేదేముంటుంది అన్నట్టుంది నాకు ఆ లెక్క.

చెప్పేది ఉంటుందని పోయిన సెప్టెంబరులో తెలిసింది. చీనీ తోట బోరులో నీళ్లు తగ్గాయి. ఇది రెండో బోరు. మొదటిది ఎప్పుడో ఎండింది. నాయన ఫోన్ చేసి టెంకాయతో పాయింటు చూపించానని, బోరు బండికి చెప్పానని, అడ్వాన్సు పంపమని అన్నాడు. మిగతాది వడ్డీకి తెస్తాడంట. “అమ్మ ఏమంటాంది?” అని అడిగా. “ఆమెదేముంది, సరే అంటాంది” అన్నాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. రెండే మాటలు.

‘బోరు వద్ద’

బోరు దగ్గర. ఎవరు? నాయన ఆ వేళప్పుడు తోటలో ఉన్నాడనా? పామూ పుట్రా తిరిగే రాత్రి. గుండె ఒక్కసారి ఝల్లుమంది. మళ్లీ చదివా. అప్పుడు తట్టింది. మా అమ్మ జన్మలో ‘వద్ద’ అనదు. మా వైపు ఎవరూ అనరు. అమ్మ అయితే ‘బోరు కాడ’ అంటుంది. ‘వద్ద’ పాఠ్యపుస్తకంలో మాట, ప్రభుత్వ నోటీసులో మాట. కాబట్టి ఇది ‘వద్ద’ కాదు. చివర్లో ఒక కొమ్ము పడలేదు.

‘బోరు వద్దా అమ్మా?’ అని అడిగా. ఇరవై నిమిషాలు ‘టైపింగ్’ అని కనబడుతూ, ఆగుతూ, మళ్లీ కనబడుతూ ఉంది. అక్కడ దీపం కింద కూర్చుని ఆమె ఒక్కో అక్షరాన్ని ఎలా పట్టుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. చివరికి వచ్చింది:

‘వద్దు. అప్పు వద్దు. నాయనకు చెప్పాకు నేను చెప్పినానని’

ఫోన్‌కు ‘వద్ద’కూ ‘వద్దు’కూ ఒక్క గుర్తు తేడా. మా ఇంటికి అది లక్ష రూపాయలపైన అప్పు తేడా. పెళ్లయిన ముప్పై ఏళ్లలో డబ్బు గురించి అమ్మ తన అభిప్రాయం నాయన నోటి గుండా కాకుండా నాకు చెప్పడం అదే మొదటిసారి.

మర్నాడు నాయనతో మాట్లాడా. అమ్మ పేరు ఎత్తలేదు. చుట్టుపక్కల ఎన్ని బోర్లు వేశారు, ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి అని ఆయన చేతనే లెక్క చెప్పించా. కోప్పడ్డాడు. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అడ్వాన్సు డబ్బుతో ట్యాంకర్లు తోలించాం. అన్ని చెట్లూ బతకలేదు. అప్పు మాత్రం కాలేదు. బోరు వేసుంటే నీళ్లు పడేవేమో కూడా, ఎవరికి తెలుసు? నాయన ఇప్పటికీ ఆ మాట అంటుంటాడు.

ఆ రోజు నుంచి నాకు కీబోర్డు సూచనల మీద భయం పట్టుకుంది. అమ్మ ‘పడాకు’ అని కొడితే పైన ‘పడకు’ అని చూపిస్తుంది. ‘తిన్న్యావా’ను ‘తిన్నావా’ చేస్తుంది. ‘యాడికి’ కింద ఎర్రగీత గీస్తుంది. మా జిల్లాలో యాడికి అనే ఊరే ఉందని దానికి ఎవరు చెప్పాలి! సూచన నొక్కడం సులువు కాబట్టి వేలు నొప్పి ఉన్న మనిషి దాన్నే నొక్కుతుంది. అలా నెమ్మదిగా అమ్మ మెసేజ్ ఎవరి అమ్మ మెసేజ్ అయినా కావచ్చు అన్నట్టు తయారవుతుంది. ‘కాడ’ అనే అలవాటు పోయి ‘వద్ద’ వచ్చుంటే, ఆ రాత్రి నాకు పట్టు దొరికేది కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అమ్మో, అవ్వో, జేజినాయనో ఉంటే నాకు పనికొచ్చినవి చెప్తా. కీబోర్డు ఎత్తు పెంచే సెట్టింగ్ ఉంటుంది, పూర్తిగా పెంచండి. దానంతట అదే మాట మార్చే ఆటో కరెక్షన్ తీసేయండి. తెర మీద రాసే రబ్బరు మొన పుల్ల చవకలోనే దొరుకుతుంది, ఫోన్ కవరుకు దారంతో కట్టేయండి. అది లేనప్పుడు అమ్మ నోట్లు లెక్కపెట్టినట్టు వేలు కాస్త తడి చేసుకుంటుంది, అదీ పనిచేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం పర్సనల్ డిక్షనరీ. వాళ్లు అనే మాటలు వాళ్లు అన్నట్టే అందులో ఎక్కించండి.

పోయిన పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఆ పని చేశా. ఆమె చెప్తుంటే నేను కొట్టా. కాడ, పడాకు, చెప్పాకు, తిన్న్యావా, యాడికి, చెనిక్కాయ, బోరు, వద్దు.

“వద్దు అనేది ముందే ఉంటాది గదా నాయనా, దాన్నెందుకు కొడ్తాండావ్?” అంది అమ్మ.

“ఉండనీమా,” అన్నా.