కురుసురలో మా మావయ్యగారు

ఆమదాలవలస వాళ్లకి విశాఖపట్నం అంటే ఆస్పత్రి, పెళ్లి బట్టలు, పిల్లల కాలేజీ. పనుంటేనే వెళ్తాం, పని కాగానే దొరికిన పాసింజరు ఎక్కి వచ్చేస్తాం. ఈసారి అలా కాకుండా ఒక ఆదివారం పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని, ఉత్తినే చూడ్డానికి వెళ్లండని మిమ్మల్ని బతిమాలుదామని కూర్చున్నాను. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి ఉంది చూడండీ, దాని గురించే. ‘అది మేం ఎప్పుడో చూసేశాం’ అంటారు, నాకు తెలుసు. చూసే ఉంటారు. కానీ ఎవరితో కలిసి చూశారు?

మేం మా మావయ్యగారితో చూశాం. ఆయన వాల్తేరు డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. షెడ్డు వదిలి ఏళ్లైనా, మా స్టేషన్లో గూడ్సు కూత వినిపిస్తే తినే ముద్ద ఆపి వింటారు. ‘మోకాళ్ల నొప్పులున్న ముసలాయన్ని అంత ఇరుకులోకి ఎందుకమ్మా తీసుకెళ్లడం’ అని చుట్టుపక్కల వాళ్లంతా అన్నారు. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు.

దారి మీకు తెలిసిందే. నాగావళి వంతెన, దూసి, పొందూరు, చీపురుపల్లి, విజయనగరం, కొత్తవలస. పిల్లలు కిటికీ దగ్గర కొట్టుకోవడం, మా అత్తగారు దిబ్బరొట్టె ముక్కలు పంచి వాళ్లని చల్లబరచడం. అదలా ఉంచండి.

కురుసుర మన నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరు 18న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో. 31 ఏళ్లు కొలువు చేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. తరవాత దాన్ని ఒడ్డుకి లాగి, ఇసకలో నిలబెట్టి, 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. సముద్రంలో తిరగాల్సిన అంత ఇనుముని ఒడ్డెక్కించడం ఎంత పనో ఆ పక్కన నిలబడి తల ఎత్తి చూస్తేగానీ తెలీదు. పొడవు 91 మీటర్లు. ‘నాలుగు రైలు పెట్టెలు వరసగా పెట్టినంత’ అని మావయ్యగారు నిలబడ్డ చోటే లెక్క కట్టేశారు. కొలువు దిగిపోయినా, పనిలో ఉన్న నౌకలకి జెండాలు కట్టి చేసే గౌరవం దీనికి ఇప్పటికీ చేస్తారట. ఆ మాట విని మా అమ్మాయి ఇనుప గోడకి చెయ్యి ఆనించి ‘అయితే ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టే’ అంది.

లోపలికి వెళ్తే గది నుంచి గదికి మామూలు తలుపులు ఉండవు. గోడలో గుండ్రటి కంతలే దారులు. పైనున్న కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, తల దించి, రెండో కాలు లాక్కోవాలి. పిల్లలకి అదే పెద్ద ఆట. మా అత్తగారు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ‘పట్టుకో’ అని ఎవరినీ అడక్కుండా దాటేశారు. అలాంటి కంతల్లోంచి పరుగెత్తుతూ ఒకప్పుడు 75 మంది ఇందులో బతికారు. టార్పెడోల గదిలో టార్పెడోల సరసనే పడక బల్లలు. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు అదే పరుపు మీద వాలడం. మంచినీళ్లు తాగడానికీ వంటకీ తప్ప స్నానానికి కరువే. 1971 యుద్ధకాలంలో ఇది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. మన శ్రీకాకుళం జిల్లా గంగపుత్రులు వేరావల్ వెళ్లి వేటాడేది ఆ సముద్రంలోనే కదా! మత్స్యలేశం వైపు చుట్టాలున్న మా అత్తగారు అది విని, టార్పెడోలు వదిలేసి, ఆ పడక బల్లల వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఇంక ఇంజను గది. మావయ్యగారు అక్కణ్ణించి కదిలితే ఒట్టు. మూడు డీజిళ్లు, వాటి మధ్య ఒక్క మనిషి పట్టే సందు. ఆయన ఆ సందులో నిలబడి పైపులు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో వేలితో గాలిలోనే గీసుకుంటున్నారు. అక్కడి గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. మాతో ఉన్నాయన మావయ్యగారి చూపు చూసి ‘రైల్వేయా బాబుగారూ?’ అని అడిగారు. అంతే, ఇద్దరూ కలిసిపోయారు. మేమంతా ఆ కంతలో కొందరం, ఇవతల కొందరం ఇరుక్కుని వాళ్ల మాటలు వింటూ నిలబడ్డాం.

మా వాడికి ఎనిమిదేళ్లు. ‘తాతా, నీళ్లకింద ఇది ఎలగ నడుస్తాది?’ అని అడిగాడు.

‘డీజిలు మండాలంటే గాలి కావాల. నీళ్లకింద గాలెక్కడిదిరా? పైకి తేలినప్పుడు ఈ ఇంజన్లు ఆడతాయి, అప్పుడే బ్యాటరీలు నింపుకుంటాది. మునిగినాక ఇంజన్లు బంద్. బ్యాటరీలో కరెంటు మోటార్లకి ఎల్తాది, మోటారు పంకా తిప్పుతాది. మా రైలింజనుకీ చక్రం తిప్పేది మోటారే, డీజిలు కాదు. కాపోతే మాకు గాలికి లోటు లేదు, బ్యాటరీలు మొయ్యక్కర్లేదు.’

గైడుగారు తల ఊపి, పూర్తిగా పైకి రాకుండానే గాలి పీల్చుకోవడానికి నీళ్లమీదికి ఒక గొట్టం ఎత్తుతారని, శత్రువుకి దొరికిపోతామన్న భయం ఎక్కువగా ఆ కాసేపేనని చెప్పారు. ఆ భయం ఆయన పుస్తకంలో చదివింది కాదు. మా వాడు ఆ తరవాత దారంతా ఊపిరి బిగబట్టి ‘మునిగాను’ అంటూ, వదిలి ‘బ్యాటరీ నింపుతున్నా’ అంటూ నడిచాడు. బడిలో ఏ సైన్సు పాఠం వాడి ఒంట్లోకి ఇలా ఎక్కిందో చెప్పండి!

రోడ్డు దాటితే టీయూ-142 విమానం. జలాంతర్గాముల్ని వేటాడ్డానికి చేసిన విమానాన్ని తీసుకొచ్చి జలాంతర్గామికి ఎదురుగానే నిలబెట్టారు! 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు, 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా ఎగిరింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండేసి పంకాలు. పిల్లలకి ఇక్కడ ఇంకో గంట పట్టింది. నా మనసు మాత్రం ఇంజను గదిలోనే ఉండిపోయింది.

ఎందుకంటే అక్కణ్ణించీ నన్ను ఒకటే ఆలోచన పట్టుకుంది. కురుసుర ఇప్పటికీ బతికుందంటే ఆ గైడ్ల నోటివల్లే. ఇనుము రంగు వేస్తే నిలుస్తుంది. దాంతో బతికిన మనిషి మాట పోతే మళ్లీ రాదు. మరి మన జిల్లా సంగతి? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేశారు. రెండు పట్టాల మధ్య రెండున్నర అడుగులు. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం వాళ్ల అమ్మమ్మల పెళ్లిళ్లన్నీ ఆ బండి మీదే నడిచాయి. పెద్ద లైను కోసం 2004లో దాన్ని ఆపేశారు. ఆ ఇంజనుకి బొగ్గు వేసినవాళ్లు, ఆ పెట్టెల్లో టికెట్లు చూసినవాళ్లు ఇంకా మన ఊళ్లలో అరుగుల మీద కూర్చుని ఉన్నారు. కళింగపట్నం ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. దుంగలు తాళ్లతో బిగించి తెప్ప కట్టడం తెలిసిన చేతులు ఆ తీరంలో ఇంకా ఉన్నాయి, ఫైబరు బోట్లు వచ్చాక వాటికి పని లేదు. నౌపడా జంక్షన్లో ఒక షెడ్డు, కళింగపట్నం దీపస్తంభం దగ్గర ఒక పాక. పిల్లలు బ్రేకు చక్రం తిప్పాలి, తాడు ముడి వేసి చూడాలి, పక్కన ఆ పని చేసిన పెద్దమనిషి ఉండాలి. కోట్లు అక్కర్లేదు. ఆ పెద్దలకి నెలకింత గౌరవవేతనం, పైన ఒక కప్పు. పంచాయతీలో, రైల్వేలో, మత్స్యశాఖలో ఉన్న మన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మొదట ఆ మనుషుల పేర్లు రాసిపెట్టండి. షెడ్డు తరవాత కట్టొచ్చు.

ఈలోగా మీరు విశాఖ వెళ్లిరండి. ఇంట్లో రైల్వేలోనో, మిల్లులోనో, పడవ మీదో చేసిన పెద్దాయన ఉంటే వదలకుండా తీసుకెళ్లండి. ఇంజను గదిలో ఆయన్ని తొందరపెట్టకండి. వెనకవాళ్లు విసుక్కుంటే పక్కకి జరిగి వాళ్లకి దారివ్వండి. సోమవారం మాత్రం బయల్దేరకండి, ఆరోజు కురుసురకి సెలవు.