నడుమ ఎంత ఉండాలె

వేములవాడలో మే నెలలో ఎండలూ పెండ్లిళ్లూ ఒక్కసారే ముదురుతాయి. రాజన్న దర్శనానికి వచ్చినవాళ్లు నీడ వెతుక్కునే మధ్యాహ్నాల్లో, ఫోటో స్టూడియోల కంప్యూటర్లు పెండ్లి వీడియోలను ఎడిట్ చేస్తూ గంటల తరబడి నడుస్తుంటాయి. ఫ్యాన్ గాలితో చల్లబడే ప్రాసెసర్ ఆ గది గాలికన్నా చల్లగా ఎన్నడూ ఉండలేదు. చలికాలంలో 20 డిగ్రీల గదిలో 60 దగ్గర ఉండేది, అదే పనికి 40 డిగ్రీల గదిలో 80కి చేరుతుంది. వంద దగ్గరపడితే చాలా ప్రాసెసర్లు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే మెషిన్ ఆగిపోతుంది. అందుకే ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే హీట్‌సింక్‌కూ నడుమ పెట్టే థర్మల్ పేస్ట్‌ను ఇక్కడ చిన్న విషయం అనుకోలేను.

ప్రాసెసర్ మీది లోహపు మూత, దానిపై కూర్చునే హీట్‌సింక్ అడుగు, రెండూ నున్నగానే కనిపిస్తాయి. నిజానికి రెండింటి నిండా కంటికి ఆనని గీతలు, గుంటలు. ఒకదానిపై ఒకటి పెడితే మిట్టలు మాత్రమే తాకుతాయి, గుంటల్లో గాలి చిక్కుకుంటుంది. వేడిని మోయడంలో రాగి గాలికన్నా దాదాపు 15 వేల రెట్లు మెరుగు. పేస్టు ఆ గాలిని వెళ్లగొట్టి గుంటల్లో కూర్చుంటుంది. మంచి పేస్టు గాలికన్నా వంద రెట్లకు పైగా నయం. కానీ రాగి ముందు మాత్రం చాలా వెనకే. కాబట్టి లోహం లోహాన్ని తాకే చోట దానికి పనిలేదు. అక్కడా మందంగా పేరుకుంటే, వేడికి తోవ ఇవ్వాల్సిందే అడ్డమవుతుంది.

రిపేరు షాపులో ఒక పిల్లగాడు ఈ పని చేస్తుంటే చూశాను. మెషిన్‌ను కాసేపు నడిపించి, పాత పేస్టు కొంచెం మెత్తబడ్డాక ఆపి, హీట్‌సింక్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీశాడు. ఎండి పెచ్చులు కట్టినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో మెరిసేదాకా తుడిచాడు. తర్వాత అక్కడ వేలు తగలనివ్వలేదు. నడుమ చిన్న బఠానీ గింజంత పేస్టు పెట్టాడు.

"ఇంకింత పెట్టరాదు తమ్మీ, ఎండలు మస్తు గొడ్తున్నయి" అన్నాడు స్టూడియో ఆయన.

"ఎక్కువైతె వేడి ఆడనే ఆగుతదన్నా. సందులు నిండితే సాలు."

హీట్‌సింక్‌ను తిన్నగా దించి, ఎదురెదురు మూలల స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక్క మూలే ముందుగా బిగిస్తే ఒత్తిడి ఒకవైపే పడుతుంది. సమానంగా పడితే ఆ ఒత్తిడే పేస్టును పలుచగా పరుస్తుంది. చివరికి హీట్‌సింక్ రేకుల నడుమ పేరుకున్న దుమ్మును బ్లోయర్‌తో ఊదాడు. గాలి పోయే ఆ తోవ మూసుకుపోతే పేస్టు ఎంత బాగున్నా ఫలం లేదు.

రెండు ఇండ్ల నడుమ మాట కుదిర్చే పెద్దమనిషికీ పేస్టుకున్న ఈ గుణమే కావాలనిపిస్తుంది. వాళ్లకు వాళ్లు కలవలేని చోట నిలబడాలి, కలిసిన చోట తప్పుకోవాలి. కష్టం ముదిరినప్పుడు ఏదో ఒకటి ఎక్కువ చేయాలని మనసు తొందరపెడుతుంది. ఎండ ముదిరినప్పుడు అక్కరకొచ్చేది మాత్రం సరైన కొలతే.

స్క్రూలు బిగిశాక లోపల ఎంత పెట్టాడో, ఎంత శుభ్రంగా తుడిచాడో ఎవరికీ కనబడదు. తెర మీది డిగ్రీల అంకె ఒక్కటే సాక్ష్యం. ఎవరూ చూడని చోట ఇంత జాగ్రత్త పడే చెయ్యి మన ఊళ్లో ఉండడం అదృష్టం. పని చేయించుకునేవాళ్లం చేయాల్సింది ఒకటే: ఇంకింత పెట్టమనడం మాని, శుభ్రంగా తుడవడానికి పట్టే సమయం అతనికి ఇవ్వడం, ఆ సమయానికీ కూలి కట్టడం.