బ్యూగిల్ మూడు వందల కిలోమీటర్ల అవతల

నల్ల ఇనుప పెట్టె మూత మీద తెల్ల రంగుతో ఒక నంబరు, దాని కింద హోదా, పేరు. రంగు అక్కడక్కడా లేచిపోయింది గానీ అంకెలు మాత్రం ఇంకా చదవడానికి వస్తున్నాయి. "ఇంట్ల ఫోన్ నంబరు అడిగితె యాదికి రాదు సార్. ఈ నంబరు నిద్రల లేపి అడిగినా చెప్తం" అన్నాడు హవల్దార్ సాబ్, గొళ్ళెం తీస్తూ. చనిపోయినాయన పెట్టె అది. ఆరుబయట వెదురు బొంగులు దింపుతున్నారు, పాడె ఇంకా కట్టలేదు. లోపల ఆడవాళ్ళ ఏడుపు. ఈయన మాత్రం పాత ఉన్ని చొక్కా, బెల్టు, కంబలి ఒక్కొక్కటే పక్కన పెడుతూ పెట్టె అడుగున డిశ్చార్జి బుక్కు కోసం వెతుకుతున్నాడు.

నేను ఆదిలాబాద్ వెళ్ళింది చావుకు కాదు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి ఏటా ఆ రోజున చిన్న జెండాలు ఇచ్చి చందా వసూలు చేస్తారు. ఆ డబ్బు మాజీ సైనికుల ఇళ్ళకు ఏ దారిన చేరుతుందో చూసి రాద్దామనుకున్నాను. సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్తానని మాటిచ్చిన మాజీ సైనికుడు హవల్దార్ సాబ్ పొద్దున ఆరున్నరకే లాడ్జి కింద బండి హారన్ కొట్టాడు. "ఆఫీసు రేపు పోదాం సార్. ఇయ్యాల మనోడొకాయన పోయిండు. వస్తరా?"

జైనథ్ దారి. డిసెంబరు చలికి బండి మీద చెవులు తిమ్మిరెక్కాయి. ఎదురుగా పత్తి నింపుకున్న ట్రాక్టర్లు మార్కెట్ యార్డుకు వస్తున్నాయి. రోడ్డు పక్క పత్తి కట్టె మంటేసుకుని నలుగురైదుగురు కూర్చున్నారు. ఊళ్ళో సగం మాట తెలుగు, సగం మరాఠీ. పెన్‌గంగ దాటితే మహారాష్ట్రే.

పట్నం దాటకముందే పూల దుకాణం దగ్గర ఆగాం. దుకాణమాయన హవల్దార్ సాబ్ ముఖం చూసి "మిలిట్రీదా సార్?" అని మాత్రం అడిగి, వెదురు బద్ద గుండ్రంగా వంచి బంతిపూలు చుట్టడం మొదలుపెట్టాడు. హవల్దార్ సాబ్ మొదటిసారి వచ్చినప్పుడు రీత్ అంటే అర్థం కాక దుకాణమాయన పెళ్ళి దండ కట్టిచ్చాడట. కాగితం మీద సున్నా గీసి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు బొమ్మ అక్కర్లేదు.

పోయినాయన గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవాడు. 1971 యుద్ధం నాటికి కొత్త జవాను. ఇరవై ఏళ్ళకు పైగా చేసి ఊరికొచ్చి పత్తి వేసుకుని బతికాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, "మిలిట్రాయన" అనే అన్నారు.

కొడుకు హవల్దార్ సాబ్ చేయి పట్టుకుని మొదట అడిగిన మాట: "కాకా, తుపాకులు ఎప్పుడొస్తయి?"

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో ఉంటుందట. టీవీలో చూసిందే కారణం. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు అంత్యక్రియలు సూర్యాపేట దగ్గర కేసారంలో, వాళ్ళ సొంత భూమిలో జరిగినప్పుడు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. తలకిందులుగా పట్టిన తుపాకులు, గాలిలోకి పేల్చిన తూటాలు, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్, మడిచి భార్య చేతుల్లో పెట్టిన జెండా. సైనికుడంటే అదీ సాగనంపడం అని జనం మనసులో ముద్ర పడింది. అయితే అది కొలువులో ఉండగా ప్రాణమిచ్చినవాడికి సైన్యం చేసేది. పెన్షన్ మీద ఇంటికొచ్చి ముసలితనంలో కన్నుమూసిన ప్రతి జవానుకూ తుపాకీ వందనం హక్కుగా రాదు. పోలీసు గారద్ వచ్చే అధికార లాంఛనాలు మరో దారి. దానికి ప్రభుత్వం నుంచి ఉత్తర్వు కావాలి.

దూరం సంగతి చూసినా అంతే. బ్యూగిల్ ఊదేవాడు, కవాతు చేసే దళం ఉండేది సికింద్రాబాద్‌లో. ఆదిలాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్లు. నాగ్‌పూర్ పక్కన కామఠీలో గార్డ్స్ రెజిమెంటు కేంద్రం ఉంది, అదైతే రెండు వందలే. కానీ తెలంగాణ చూసుకునే సైనిక కార్యాలయం సికింద్రాబాద్‌ది కాబట్టి కబురు అటే పోవాలి. పైగా ఈ ప్రాంతానిదంటూ ఒక రెజిమెంటు లేదు. హైదరాబాద్ పేరుతో ఒక రెజిమెంటు ఉండేది, 1945లో దాని పేరు కుమావూన్ అయింది. ఇక్కడి పిల్లలు ఒకరు ఫిరంగి దళంలో, ఒకరు ఈఎంఈలో, ఒకరు మద్రాస్ సాపర్స్‌లో, ఎక్కడ పడితే అక్కడ చేరినవాళ్ళు. సంతోష్ బాబు కూడా బిహార్ రెజిమెంటులోని ఒక పల్టన్‌కు నాయకత్వం వహించాడు. అందుకని చావుకు వచ్చేది పోయినవాడి పల్టన్ కాదు, ఫోనెత్తిన మాజీలు.

ఆ రోజు పదకొండు మంది వచ్చారు. ఒకాయన జిన్నింగ్ మిల్లులో సెక్యూరిటీ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఇంకొకాయన ఇచ్చోడ వైపు నుంచి రెండు బస్సులు మారాడు. తెల్ల చొక్కాలు, జేబు మీద పతకాలు, సంచుల్లోంచి తీసి తలకెక్కించిన బెరెట్లు. ఒకాయన బెరెట్ మరిచిపోయి నాలుక కరుచుకున్నాడు. తల మీద టోపీ లేకుండా ఫౌజీ సెల్యూట్ చేయడు. ఆయన ఉత్త సావధాన్‌లో నిలబడాలి. ఎవరైనా టోపీ అప్పు ఇవ్వొచ్చు కదా అన్నాను. "గది వేరే యూనిట్ బ్యాడ్జి సార్" అన్నాడాయన, నేనేదో అనరాని మాట అన్నట్టు.

జెండా దగ్గర గొడవైంది. కొడుకు దోస్తులు ఆగస్టు పదిహేనుకు కొన్న పెద్ద త్రివర్ణ పతాకం తెచ్చి పాడె మీద పరవబోయారు. హవల్దార్ సాబ్ అడ్డం నిలబడ్డాడు. సైనిక, పారామిలటరీ, ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జాతీయ జెండాను శవం మీద కప్పకూడదు. 1971 నాటి చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు పడే నేరం. కప్పే చోట కూడా కాషాయం తల వైపు ఉండాలి, జెండా గోతిలోకి దిగకూడదు, చితిలో కాలకూడదు. ఇదంతా ఆయన కుర్రాళ్ళకు నెమ్మదిగానే చెప్పాడు. "నీ బాపు ఇరవై ఏండ్లు గా జెండకు రూల్ తప్పలేదు బిడ్డా. గీ ఒక్క పూట తప్పిద్దమా?" కొడుకు ముఖం మాడ్చుకుని పక్కకు పోయాడు. పేపర్లలో ఇట్లాంటి ఫోటోలు వచ్చినప్పుడు నేనెప్పుడూ చట్టం గురించి ఆలోచించలేదు. ఆ క్షణంలో కూడా నా మనసు కుర్రాడి వైపే ఉందని ఒప్పుకోవాలి. తెల్ల గుడ్డ కప్పారు, గుండె మీద బెరెట్ పెట్టారు.

పెద్దవాళ్ళకు మాత్రం అన్నీ సజావుగా జరుగుతాయా అంటే అదీ లేదు. 1971 యుద్ధం గెలిపించిన సామ్ మానెక్ షా 2008 జూన్ 27న చనిపోయారు. ఫీల్డ్ మార్షల్ హోదా ఉన్నవాళ్ళకు చచ్చేదాకా రిటైర్మెంటే లేదు. ఊటీలోని పార్సీల శ్మశానంలో, భార్య సమాధి పక్కనే ఖననం చేశారు. సైనిక లాంఛనాలు జరిగాయి గానీ రక్షణ మంత్రి రాలేదు, మూడు దళాల అధిపతులూ రాలేదు. ప్రభుత్వం తరఫున వెళ్ళింది అప్పటి మన కాకినాడ ఎంపీ, రక్షణ శాఖ సహాయ మంత్రి పళ్ళంరాజు. ఈ మాట ఎత్తితే హవల్దార్ సాబ్ నవ్వాడు. "మా దగ్గరికి సర్పంచ్ వచ్చిండు కదా సార్."

మిలిట్రాయన ఇంట్లో కాల్చే ఆనవాయితీ లేదు, బొంద పెట్టుడే. తండ్రిని పెట్టిన చోటనే, చేను గట్టున. వర్షాకాలం తాగిన నల్లరేగడి పైన ఎండినట్టే ఉంటుంది, మూడడుగులు పోయాక గడ్డపారకు బంకలా అంటుకుంటుంది. జేసీబీ పిలుద్దామన్నారెవరో. పత్తి ఇంకా ఏరడం కాలేదు, సాళ్ళు పాడవుతాయని తమ్ముడు ఒప్పుకోలేదు. నలుగురు మార్చి మార్చి తవ్వారు. పార మట్టిని విడవకపోతే మోకాలికేసి కొట్టేవాళ్ళు. మధ్యాహ్నం రెండైంది. గోతిలో ఉప్పు పోశారు.

డప్పు ఆగింది. పదకొండు మంది రెండు వరసలు కట్టారు. హవల్దార్ సాబ్ గొంతు మారిపోయింది. అంతసేపూ జైనథ్ తెలుగు మాట్లాడినాయన నోట్లోంచి "సావధాన్!" అని హిందీ పలికింది. తెలుగు, మరాఠీ, గోండి ఇళ్ళ మనుషులు, ఆ ఒక్క భాషకు మడమలు ఒక్కసారి కలిశాయి. కాదు, పూర్తిగా ఒక్కసారి కాదు, మోకాళ్ళ నొప్పులున్న ఒకాయన అర క్షణం వెనకబడ్డాడు. రీత్ పెట్టి వెనక్కి నాలుగడుగులు వేసి "సామ్‌నే సెల్యూట్" అన్నాడు. చేతులు లేచాయి. ఒక్క అరచేయి మాత్రం నేలకు వంగి ఉంది. ఆయన నేవీ. ఓడల్లో తారు అంటిన చేతులు కనబడకుండా అట్లా మొదలైందని చెప్తారు.

ఇక లాస్ట్ పోస్ట్. నిజానికి అది చావు పాట కాదు, రాత్రి కాపలా చోట్లన్నీ చూసుకోవడం అయిపోయిందని శిబిరంలో ఊదే పిలుపు. ఇక్కడ అది ఫోన్లోంచి రావాలి. మనవడు బ్లూటూత్ స్పీకర్ పట్టుకుని నిలబడ్డాడు. మొదట ఏదో సిమెంటు ప్రకటన మోగింది. ఎవరూ నవ్వలేదు. సెల్యూట్‌లో ఉన్న చేతులు దిగలేదు. ఐదు సెకన్ల తర్వాత దాన్ని దాటించి బ్యూగిల్ పెట్టాడు. రెండు సాళ్ళ అవతల పత్తి ఏరుతున్న కూలి ఆడవాళ్ళు నడుం ఎత్తి నిలబడ్డారు. మౌనం ముగిశాక బెరెట్ తీసి కొడుకు చేతికిచ్చి, పెట్టెలోంచి తీసిన ఫౌజీ కంబలి ఆయన మీద కప్పి దింపారు. అది ఆ ఇల్లాలు అడిగిందట. డిసెంబరు కదా.

అందరూ తలా పిడికెడు మన్ను వేశారు.

పొద్దున ఆ పెట్టె కోసం అంత ఆత్రం ఎందుకో హవల్దార్ సాబ్ సాయంత్రం బండి మీద చెప్పాడు. పోయినోళ్ళ బట్టలు పారేస్తారు. వాటితోపాటు డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం కూడా పోతాయి. ఆ తర్వాత భార్య తానెవరో రుజువు చేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయించాలి, పెన్షన్ ఖాతాలో మరణం తెలియజేయాలి, ఆయన పెన్షన్ ఆగాలి, ఆమెది మొదలవ్వాలి. ఆయనకు జీతంలో సగం లెక్కన వచ్చేది. భర్త 67 దాటాక పోతే భార్యకు 30 శాతమే. ఆ 30 శాతానికీ పేరు అడ్డం పడుతుంది. ఈమె పేరు ఆధార్‌లో చివర బాయి. సైన్యం రికార్డులో అదే పేరు చివర దేవి. హిందీ ప్రాంతపు గుమాస్తా ఆడపేర్లన్నిటికీ అలవాటుగా దేవి తగిలించి రాసేవాడు, జవాను నోరెత్తలేదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, సంక్షేమ కార్యాలయం ముద్రతో నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు పంపాలి. ఇట్లాంటివి హవల్దార్ సాబ్ సంచిలో అప్పటికే మూడున్నాయి.

"గన్ సెల్యూట్ కంటె గిదే పెద్ద పని సార్. గాని దీనికి ఎవ్వరు రారు" అన్నాడు. పత్తి బండి ఎదురొస్తే లైటు తగ్గించి పక్కకు తీశాడు. కాసేపాగి మళ్ళీ అన్నాడు: "మనల్నీ పిలుస్తరు, పోతం. గంతే."

మర్నాడు కార్యాలయం చూశాను. పతాక దినం లెక్కలు, వితంతువుల గ్రాంట్లు, పిల్లల చదువుల దరఖాస్తులు అన్నీ చూపించారు. అది వేరే రాయాలి.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టడానికి మళ్ళీ ఆ చేనుకు పోయాం. గోతి మీద మట్టి పైపైన ఎండి నెర్రెలిచ్చింది. రీత్‌లోని బంతిపూలు చలికి ఇంకా వాడలేదు. కాకి తొందరగానే వచ్చింది. అందరూ లేచి ఇంటిదారి పట్టాక ఆ ఇల్లాలు వెనకబడి హవల్దార్ సాబ్‌ను ఆపింది.

"పెన్షన్‌కు ఫోటోలు గావాలంటివి గద మరిదీ."

"అవ్ వదినె. రెండు. తొందరేం లేదు, పదకొండొద్దులైనంక."

ఆమె కాసేపు నేల చూసింది. "బొట్టు పెట్టుకొని దిగాల్నా, తీసేసినంక దిగాల్నా?"

హవల్దార్ సాబ్ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "ఎట్లైనా నడుస్తది వదినె. చెవులు కనబడాలె, గంతే."